డిసెంబరు మధ్యాహ్నాలు, దెయ్యాల సినిమాలు

నేను విదేశీ సినిమాలకు తెలుగు మాటలు రాస్తాను. ఇంట్లో టీవీల్లో, ఫోన్లలో తెలుగులో వచ్చే పరాయి దేశపు సినిమాలుంటాయే, వాటికి. ఈ పనిలో నాకు మొదట్లో అర్థం కాని సంగతి ఒకటుంది. క్రిస్మస్ దగ్గర పడేకొద్దీ దెయ్యాల సినిమాలు ఎక్కువవుతాయి. పండగ సెలవుల్లో జనం దుప్పట్లు కప్పుకుని భయపడాలనుకుంటారట. నవంబరు చివరికల్లా నా కంప్యూటర్‌లోకి మంచు కురిసే ఊళ్ళు, క్రిస్మస్ చెట్టు వెనక నక్కిన హంతకులు, అటక మీద గంటలు మోగించే ముసలి ఆత్మలు వరసగా దిగుతాయి. అవన్నీ పండగలోపు తెలుగులో అరవాలి.

రాయడమంటే ఇంగ్లీషు మాటకు తెలుగు మాట చెప్పడం ఒక్కటే కాదు. తెర మీది మనిషి నోటికి అది సరిపోవాలి. పెదవులు కలిసే చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. నోరు తెరిచి ఉన్నప్పుడు మాట అయిపోకూడదు. అందుకని ఒక్కో ముక్కను పదిసార్లు వెనక్కి తిప్పి వింటాను. అలా ఒక మధ్యాహ్నం ఒక ఆడమనిషి అరుపును వెనక్కీ ముందుకీ తిప్పుతుండగా మా కాలింగ్ బెల్లు ఆగకుండా మోగింది.

తలుపు తీస్తే మేం అద్దెకుంటున్న ఇంటావిడ. రొప్పుతోంది. చేతిలో చపాతీ కర్ర.

"ఏమైందమ్మా? ఎవరమ్మా ఆ అరుపులు?"

"ఏం లేదాంటీ, సినిమా. నా పనే."

ఆవిడ నన్ను నమ్మనట్టు పక్కకు తొలగి లోపలికి చూసింది. ఫిల్మ్ నగర్‌లో గుట్ట మీదికి ఎక్కే రోడ్డులో ఆ ఇల్లు వాళ్ళది. పై వాటాలో మేం చాలా ఏళ్ళుగా అద్దెకుంటున్నాం. కింద వాటాలో ఆవిడ, ఆవిడ భర్త ఉండేవారు. ఆయన సినిమాలకు ఎడిటింగ్ చేసేవారు. భీమవరం దగ్గరి నుంచి మద్రాసు వెళ్ళి, అక్కణ్ణుంచి పరిశ్రమతో పాటు ఇక్కడికి వచ్చిన మనిషి. పిల్లలు లేరు. ఆ ఏడాది వానాకాలంలో ఒకరోజు ఆయన పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదు. అప్పటి నుంచి ఆవిడ ఆదివారం చర్చికి తప్ప గేటు దాటడం మేం చూడలేదు. మామూలుగా డిసెంబరు మొదట్లోనే ఆ ఇంటి ముందు కాగితపు నక్షత్రం వెలిగేది, మాకు స్టీలు డబ్బాలో పిండివంటలు, గులాబీ పువ్వులు, కజ్జికాయలు, వచ్చేవి. ఆ ఏడాది ఏవీ లేవు. మేం అడగలేదు.

ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆపి ఉంచిన బొమ్మలో ఒక స్త్రీ నోరు తెరిచి ఉంది. ఆమె వెనక చీకట్లోంచి ఎర్ర చేతితొడుగు వేసుకున్న చెయ్యి ఒకటి ముందుకొస్తోంది.

"ఈ చెయ్యెవరిది?"

"హంతకునిది ఆంటీ. క్రిస్మస్ తాత వేషంల ఉంటడు."

"దొరికిపోతుందా ఈవిడ?"

"దొరుకుతది."

"అయితే పెట్టు. చూస్తాను."

ఆవిడ కుర్చీ లాక్కుని, చపాతీ కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ స్త్రీ దొరికిపోయింది. తర్వాత ఇంకో ఇద్దరు కూడా దొరికారు. ఆవిడ పైట చెంగును పిడికిట్లో బిగించి చూసింది గానీ కళ్ళు మాత్రం మూసుకోలేదు. సినిమా సగంలో, "మీ అంకుల్ ఎన్ని దెయ్యం సినిమాలు కోశారో లెక్కలేదమ్మా. నన్ను మాత్రం ఒక్కటి చూడనిచ్చింది లేదు," అంది.

"ఎందుకని?"

"నేను పిరికిదాన్నని. ఉరుము ఉరిమితే మంచం కింద దూరేదాన్ని, బల్లి పడితే వీధిలోకి పరిగెత్తేదాన్ని. నువ్వు తట్టుకోలేవు, వద్దు అనేవారు. నేనూ అడిగేదాన్ని కాదు."

మర్నాడు అన్నాలయ్యాక మళ్ళీ వచ్చింది. ఈసారి జామకాయ ముక్కలు, ఉప్పూ కారం తెచ్చింది. ఆ తర్వాత అది అలవాటయింది. మా ఆయన బ్యాంకులో, మా అమ్మాయి కాలేజీలో ఉండే సమయమది. కింద రోడ్డు మీద స్టూడియో వ్యాన్లు మూలుగుతూ గుట్ట ఎక్కుతుంటాయి, కిటికీలోంచి డిసెంబరు ఎండ బల్ల మీద పడుతుంటుంది, తెర మీద మంచులో ఎవరో ఒకరు చస్తుంటారు. ఆవిడ జామకాయ నములుతూ వ్యాఖ్యానం చెప్పేది.

"ఆ అమ్మాయి మేడ మీదికెందుకు పరిగెడుతుంది? వీధి తలుపు తీసే ఉందిగా!"

"ఇంత మంచులో ఆ పిల్లకి కాళ్ళకి చెప్పుల్లేవు. దెయ్యం సంగతి తర్వాత, ముందు జలుబు చేస్తుంది."

"అబ్బే, కేకు మీద అంత క్రీము వెయ్యకూడదు. వెగటు కొడుతుంది."

నాకు పని ఆలస్యమవుతుందనుకున్నాను. కాలేదు. కొన్నిచోట్ల ఆవిడ నోట్లోంచి వచ్చిన మాటే రాసుకున్నాను. ఒక సినిమాలో అవ్వ మనవరాలిని తిట్టే మాటలన్నీ దాదాపు ఆవిడవే. ఆ సంగతి చెబితే, "మా ఆయన వినుంటే నవ్వేవారు," అంది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఆంటీ, మీకు భయం కాదా?"

"ఎందుకవదూ? అవుతుంది." జామకాయ ముక్క పక్కన పెట్టింది. "ఆయన పోయిన దగ్గర్నుంచీ పొద్దున లేస్తూనే భయమమ్మా నాకు. గ్యాసు కట్టేశానా అని భయం. ఎవరైనా బెల్లు కొడితే భయం, సాయంత్రం దాకా ఎవరూ కొట్టకపోతే అదో భయం. దానికొక మొదలు లేదు, చివర లేదు. ఇది చూడు. ఇక్కడ మొదలైంది, ఇక్కడ అయిపోయింది. పేర్లు పడతాయి. లేచి టీ పెట్టుకోవచ్చు."

ఆవిడే మళ్ళీ అంది. "పైగా ఈ సినిమాల్లో వాళ్ళెవరూ నన్ను ఓదార్చరు."

ఆ మాట అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఆ వారంలోనే అయింది. ఒక సాయంత్రం ఆవిడ మా ఇంట్లో ఉండగానే చర్చి వాళ్ళు పాటలు పాడుకుంటూ వచ్చారు. గిటారు, తంబురీను, నలుగురైదుగురు ఆడవాళ్ళు, తెల్ల చొక్కాలో పాస్టరు గారు. గేటు దగ్గర నిలబడి ఆవిడను పిలిచారు. ఆవిడ నావైపు చూసి, శబ్దం తగ్గించమని చేత్తో సైగ చేసింది. మేమిద్దరం కదలకుండా కూర్చున్నాం. వాళ్ళు రెండు పాటలు పాడారు. బాగా పాడారు. తర్వాత చర్చి క్యాలెండరు ఒకటి గేటు సందులో పెట్టి వెళ్ళిపోయారు.

"వాళ్ళు మంచివాళ్ళేనమ్మా," అంది ఆవిడ. "ఆయన పోయాక పెట్టిన ఆదరణ కూడిక రోజు ఎంత చేశారో. కానీ పాటయ్యాక ఒక్కొక్కరూ వచ్చి భుజం మీద చెయ్యేస్తారు. ఆ చెయ్యి పడేసరికి..." తెర వైపు తిరిగింది. "ఊఁ, పెట్టు. ఆ గంటలు మోగించే ముసలిది ఎక్కడి దాకా వచ్చింది?"

రాత్రి అన్నం తింటున్నప్పుడు మా ఆయనకు చెబితే ముద్ద చేతిలోనే ఆపేశాడు. "ఏందే ఇది? మనిషి పోయిన ఇంటామెకు దయ్యాల సినిమాలు చూపెడుతున్నవా? ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్పాలె?"

"ఆమెనే వస్తున్నది. నేను పిలుస్తలేను."

"వస్తే మాత్రం? జర వేరే ఏదన్న పెట్టు. నవ్వేటిది పెట్టు."

నవ్వేది పెట్టి చూశాను. ఆవిడ మర్యాదగా పావుగంట కూర్చుని, ఇంట్లో పనుందని వెళ్ళిపోయింది.

పండగ వారం రోజులుందనగా ఆవిడ ఆడపడుచు భీమవరం నుంచి వచ్చింది. ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. స్కూల్లో టీచరుగా చేసి రిటైరయింది. భర్త లేడు, కొడుకు కుటుంబం పక్క వీధిలోనే ఉంటుంది. వదిన ఒక్కతే పండగ ఎలా చేసుకుంటుందని, మనవల్ని వదిలి రైలెక్కింది. వచ్చిన మర్నాడే మెట్లెక్కి మా ఇంటికి వచ్చింది. ఇస్త్రీ చేసిన నూలు చీర, కళ్ళజోడు, చేతిలో రుమాలు. నాకు నా హైస్కూలు రోజులు గుర్తొచ్చి లేచి నిలబడ్డాను.

"వందనాలమ్మా. కూర్చోవచ్చా?"

"అయ్యో, కూసోండి."

"మా అన్నయ్య పోయి ఆరు నెలలన్నా కాలేదు. ఇది ప్రభువు పుట్టిన నెల. మా వదిన దగ్గర కూర్చుని ఇంత వాక్యం చదువుదామని నేను అంత దూరం నుంచి వచ్చాను. వచ్చి చూస్తే ఆవిడ రోజూ మీ ఇంట్లో రక్తాలూ దెయ్యాలూ చూస్తుందట! మీరు చదువుకున్నవారు కదా. వద్దని చెప్పరా?"

"నేను చూపిస్తలేనమ్మా. ఆంటీ వచ్చి కూసుంటరు. రావొద్దని నోరు తెరిచి ఎట్ల చెప్పాలె?"

"చెప్పాలి. పెద్దావిడ మనసు బాగాలేనప్పుడు పక్కనున్నవాళ్ళే చెప్పాలి."

నాకూ కోపం వచ్చింది. ఏదో అనబోయాను. అంతలో ఆమె కళ్ళజోడు తీసి రుమాలుతో తుడుచుకుంటూ, వేరే గొంతుతో అడిగింది. "మీతో మాట్లాడుతుందా?"

"మాట్లాడుతరు."

"నాతో మాట్లాడట్లేదమ్మా. అన్నం పెడితే తింటుంది. ప్రార్థన చేస్తే ఆమెన్ అంటుంది. అంతే. మా అన్నయ్య గురించి నేను ఒక్క మాట ఎత్తితే లేచి వంటింట్లోకి పోతుంది. ఆయన నాకూ అన్నయ్యే కదా. నేనెవరితో చెప్పుకోవాలి?"

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. టీ పెట్టి ఇచ్చాను. ఆమె సగం తాగి, కప్పు కడిగి పెడతానని మొండికేసి, కడిగి పెట్టి మరీ వెళ్ళింది. మధ్యాహ్నం ఇంటావిడ మామూలుగానే పైకొచ్చింది. "మా ఆడపడుచు నిన్నేమైనా అందా?" అని అడిగింది. ఏమీ అనలేదన్నాను. ఆవిడ నమ్మలేదు గానీ రెట్టించలేదు.

ఆ రోజు పెట్టింది ఆ సీజన్‌లో చివరి సినిమా. అది మిగతావాటిలా లేదు. హంతకుడు లేడు, రక్తం లేదు. మంచులో ఒంటరిగా ఒక ఇల్లు. భర్త పోయిన స్త్రీ ఒకామె ఆ ఇంట్లో క్రిస్మస్ ముందు రోజు ఒక్కతే ఉంటుంది. చీకటి పడ్డాక ఎవరో తలుపు కొడతారు. అది ఆమె భర్త కొట్టే తీరే. తర్వాత ఆయన గొంతు. చలిగా ఉంది, తలుపు తియ్యమంటాడు. ఆమె లేచి వచ్చి తలుపుకు నుదురు ఆనించి నిలబడుతుంది. చాలాసేపు అలా నిలబడే ఉంటుంది.

నేను కథ ముందుగా చదివాను గాని, అది పక్కన కూర్చున్న మనిషికి ఎలా తగులుతుందో ఆలోచించలేదు. తలుపు రెండోసారి మోగేసరికి ఆవిడ లేచింది. "నేను వెళ్తానమ్మా," అంది. చేతిలో జామకాయ ముక్క అలాగే ఉంది. ఆపమంటారా అని నేను అడిగేలోపే మెట్లు దిగిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాకు ఆ సీను రాయబుద్ధి కాలేదు. మిగతా సినిమా అంతా రాసి, ఆ తలుపు దగ్గరి మాటలు ఖాళీగా వదిలేశాను. కింది నుంచి ఏ చప్పుడూ వినిపించడం లేదు. ఇక ఉండలేక వెళ్ళి బెల్లు కొట్టాను.

ఆడపడుచు తలుపు తీసింది. "మొన్నటి నుంచీ అన్నం సరిగ్గా తినట్లేదు. చెప్పానా మీకు?" అంది. నేను తల వంచుకున్నాను. ఆమె కాసేపు నన్ను చూసి, పక్కకు జరిగింది. "వెళ్ళండి. మీతోనైనా మాట్లాడుతుందేమో."

ఇంటావిడ పడకగదిలో మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నన్ను చూసి చేట కొంచెం జరిపి చోటిచ్చింది. నేనూ నాలుగు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను.

"ఆవిడ తలుపు తీసిందా?" అని అడిగింది, బఠాణీల మీంచి చూపు తిప్పకుండా.

"తియ్యలే ఆంటీ."

"మరి ఏమంది?"

"'దయచేసి వెళ్ళిపో. నువ్వు ఆయనవి కావు' అన్నది."

ఆవిడ చేతులు ఆగాయి. "అలా అనదమ్మా."

"సినిమాల అట్లనే ఉంది ఆంటీ."

"ఉంటే ఉండనీ. రాసినవాడికి తెలీదు. ఆయన కాదని అనగలిగేదైతే అంతసేపు తలుపు పట్టుకుని నిలబడదు. ఆయనేనని తెలుసు ఆవిడకి. తలుపు తియ్యకూడదనీ తెలుసు."

"మీరైతే ఏమంటరు?"

అడిగాక, అడగకుండా ఉండాల్సిందేమో అనిపించింది. కానీ ఆవిడ నిజంగానే ఆలోచించింది. తర్వాత చిన్నగా నవ్వింది. ఆయన పోయాక ఆవిడ నవ్వడం నేను చూసింది సినిమాల ముందే. మామూలుగా నవ్వడం ఇదే మొదలు.

"ఆయనకి రాత్రిళ్ళు ఎడిటింగ్ పని పడేది. రిలీజు ముందైతే మరీను. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేవారు. కింద కారు హారను కొడుతుండేది. కదిలేవారు కాదు. ఒక్కదానివీ ఉంటావా? కిటికీలు వేశావా? పక్కింటావిణ్ణి పిలవనా? ఇదే వరస. భయంగానే ఉండేదమ్మా నాకు. కానీ ఆ మాట చెబితే ఆయనక్కడ పని చెయ్యలేరు. అందుకని, 'మీరు వెళ్ళండి, నేను ఉంటాను' అనేదాన్ని. రోజూ అదే మాట. మీరు వెళ్ళండి. నేను ఉంటాను." చేటలోని గింజల్ని వేళ్ళతో ఒకసారి కలిపింది. "అలా అంటాను నేనైతే."

గుమ్మంలో ఏదో చప్పుడైంది. ఆడపడుచు అక్కడే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో. కళ్ళజోడు చేతిలో ఉంది.

"మా ఇంటికొచ్చినా అంతే, వదినా," అంది. "అమ్మ బతిమాలేది, ఒక్క రాత్రుండరా అని. వదిన ఒక్కతే ఉందమ్మా అని సాయంత్రం రైలెక్కేసేవాడు. నాకు నీ మీద ఎంత కోపమొచ్చేదో! మా అన్నయ్యని ఒక్క పూట మాకు ఉంచదని."

"నేను ఉండమనే చెప్పేదాన్ని. ఒట్టు."

"తెలుసులే. అన్నయ్యే ఉండలేడు."

ఆమె వచ్చి మంచానికి ఆ పక్కన కూర్చుంది. ఇంటావిడ చేటను ముగ్గురి మధ్యకు జరిపింది. నేను కాసేపుండి లేచి వచ్చేశాను. మెట్లెక్కుతుంటే కింద ఇద్దరి గొంతులూ వినిపించాయి. ఒకరి మాట పూర్తి కాకుండానే ఇంకొకరు అందుకుంటున్నారు.

ఆ మధ్యాహ్నం ఖాళీ వదిలిన చోట ఆ మాటే రాశాను. తెర మీది స్త్రీ 'ప్లీజ్' అనబోతూ పెదవులు కలుపుతుంది. అక్కడ 'మీరు'లోని మ సరిగ్గా కూర్చుంది. నిడివీ సరిపోయింది. ఆవిడకు చెబితే, "దాన్ని ఎవరు పలుకుతారు? వినొచ్చా?" అని అడిగింది. వినొచ్చన్నాను. ఆడపడుచు వెంటనే, "నేనొక్కదాన్నే ఇంట్లో ఏం చెయ్యను? నేనూ వస్తాను," అంది.

యూసుఫ్‌గూడలో ఒక సందులో, టైలరు షాపు మీద ఆ డబ్బింగ్ థియేటరు. ముగ్గురం ఆటోలో వెళ్ళాం. ఇంటావిడ దారంతా బయటికి చూస్తూనే ఉంది, ఊరు కొత్తదైనట్టు. లోపల మేం గాజు పలకకు ఇవతల సోఫాలో కూర్చున్నాం. అవతల మైకు ముందు డబ్బింగ్ చెప్పే అమ్మాయి నిలబడింది. ముప్పై దాటిన మనిషి. పొద్దుటి నుంచి అరిచీ అరిచీ గొంతు బొంగురుపోకుండా వేడినీళ్ళు తాగుతోంది. ఆ సీను రాగానే పని చూసే ఇన్‌ఛార్జి కాగితం చూసి నావైపు తిరిగాడు.

"మేడమ్, ఒరిజినల్ మీనింగ్ ఇది కాదు కదండీ. 'నువ్వు ఆయనవి కావు' అని కదా. క్లయింట్ ఒప్పుకోడండీ."

"ఒక్కసారి చెప్పించి చూడండి సార్," అన్నాను.

"సార్, రెండూ చెప్తాను. ఏది కావాలంటే అది పెట్టుకోండి," అంది మైకు దగ్గరి అమ్మాయి. తర్వాత నన్ను అడిగింది. "మేడమ్, ఈ మాట ఎలా కావాలి? ఏడుస్తూనా?"

నేను నోరు తెరిచేలోపు సోఫాలోంచి ఇంటావిడ అంది. "ఏడవకూడదమ్మా. పొయ్యి మీద కూర ఉన్నప్పుడు, గుమ్మంలో ఉన్న మనిషికి చెప్పినట్టు చెప్పాలి."

ఆ అమ్మాయి గాజులోంచి ఆవిడను చూసింది. ఎవరని అడగలేదు. సరేనని తలూపి, హెడ్‌ఫోన్లు సర్దుకుంది. దీపాలు తగ్గాయి. తెర మీది స్త్రీ తలుపుకు నుదురు ఆనించింది.

"మీరు వెళ్ళండి. నేను ఉంటాను."

చాలా మామూలుగా చెప్పింది. చివరి మాట దగ్గర గొంతు కొంచెం తగ్గించింది, అంతే. ఇన్‌ఛార్జి చేతిలోని కాగితం కిందికి దించాడు. ఆడపడుచు వదిన ముంజేతిని గట్టిగా పట్టుకుంది. ఇంటావిడ మాత్రం తెర వైపే చూస్తూ, స్కూల్లో పిల్ల పద్యం సరిగ్గా అప్పజెప్పినప్పుడు పెద్దవాళ్ళు ఊపినట్టు తల ఊపింది.

క్లయింటు ఒప్పుకోలేదు. మర్నాడే కబురొచ్చింది, అర్థం మారింది, 'నువ్వు ఆయనవి కావు' అన్నదే ఉంచమని. ఇన్‌ఛార్జి ఫోన్ చేసి, "సారీ మేడమ్, నాక్కూడా అదే బాగుందండీ," అన్నాడు. ఈ సంగతి ఇంటావిడకు ఎలా చెప్పాలా అని సాయంత్రం దాకా తటపటాయించి, చివరికి చెప్పేశాను.

"పోనీలేమ్మా," అంది. "ఆవిడ మాట ఆవిడది. నా మాట నేను విన్నాను కదా."

క్రిస్మస్ రోజు పొద్దున్నే వదినా ఆడపడుచులిద్దరూ కొత్త చీరలు కట్టుకుని చర్చికి వెళ్ళొచ్చారు. మధ్యాహ్నం మా ముగ్గుర్నీ భోజనానికి పిలిచారు. కోడికూర, గారెలు, బఠాణీల పులావు. మా ఆయన మొహమాటపడుతూనే మూడోసారి వడ్డించుకున్నాడు. "ఆంటీ, గారెలు మస్తున్నయి. మా ఇంట్ల గిట్ల రావు," అని నా వైపు చూడకుండా అన్నాడు. చేతులు కడుక్కున్నాక ఆడపడుచు ఫోన్ పట్టుకొచ్చి మా అమ్మాయికి ఇచ్చింది.

"ఇది టీవీలో వచ్చేటట్టు చెయ్యి నాన్నా."

అది ఆయన ఎడిట్ చేసిన పాత దెయ్యం సినిమా. ముందు రోజు రాత్రి ఫోన్‌లో వెతుక్కుని పట్టుకుందట. "భీమవరంలో విడుదలైనప్పుడు టీచర్లందరం కలిసి వెళ్ళాం. మా అన్నయ్య పేరు పడగానే చప్పట్లు కొట్టాం. తర్వాత కళ్ళు మూసుకున్నాను. ఇంటర్వెల్లో బయటికొచ్చేశాను. మిగతాదేమైందో నాకిప్పటికీ తెలీదు," అంది.

ఆయన పేరు తెర మీద పడింది. రంగు వెలిసిన అక్షరాలు, కొంచెం వంకరగా. ఆడపడుచు ఏడ్చేసింది. ఇంటావిడ ఆమె వీపు నిమిరింది. తర్వాత సినిమా మొదలైంది. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, పొగ, కారణం లేకుండా కొట్టుకునే కిటికీ రెక్కలు. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆడపడుచు మాత్రం ఈసారీ మా ఆయన కుర్చీ వెనక దాక్కుని, "పోయిందా? పోయిందా?" అని అడుగుతూనే ఉంది. ఇంటావిడ చివరి దాకా రెప్ప వెయ్యకుండా చూసింది. అయిపోయాక, "ఇంతేనా?" అంది. "దీనికా నన్ను నలభై ఏళ్ళు చూడనివ్వలేదు!" అందరం ఒక్కసారి నవ్వాం. ఆవిడ నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఎవరూ ఆవిడ భుజం మీద చెయ్యి వెయ్యలేదు.

ఆడపడుచు జనవరి మొదటి ఆదివారం దాకా ఉండి భీమవరం వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నాకు చెప్పింది, ఈ సినిమాల వల్ల మేలు జరిగిందని తాను ఒప్పుకోవడం లేదనీ, అయితే ఇక అడ్డు చెప్పననీ.

ఇప్పుడు ఇంటావిడ మా ఇంటికి అంతగా రావడం లేదు. చర్చిలో ఆడవాళ్ళ కూడికకు వెళ్తోంది, సాయంత్రాలు గుట్ట దిగి కూరగాయలు తెచ్చుకుంటోంది. కింద టీవీ పెద్దదే కొనుక్కుంది. మధ్యాహ్నం పూట నేను కిటికీ దగ్గర రాసుకుంటుంటే కింది నుంచి అరుపులు వినిపిస్తాయి. మొదట్లో వదినా ఆడపడుచులు గొడవపడుతున్నారేమోనని కంగారుపడ్డాను, ఎందుకంటే ఫోన్ స్పీకరులో రెండో గొంతు కూడా వినిపించేది. తర్వాత తెలిసింది. అక్కడ భీమవరంలో ఆమె, ఇక్కడ ఫిల్మ్ నగర్‌లో ఈవిడ, ఒకే సినిమా ఒకేసారి పెట్టుకుంటారు. ఆమె అక్కడ కళ్ళు గట్టిగా మూసుకుని ఫోన్ చెవికి ఆనించుకుంటుంది. ఈవిడ ఇక్కడ చూస్తూ, జరిగేదంతా వివరంగా చెబుతుంది.

"ఇప్పుడు మెట్లు దిగుతున్నాడే. చేతిలో గొడ్డలుంది. అమ్మాయి బీరువాలో ఉంది. లేదు, ఇంకా చూళ్ళేదు. ఇదిగో, అటు తిరిగాడు. ఇక కళ్ళు తెరుచుకోవచ్చు."